ఆగనన్న ఇంజన్

1934, మే నెల. అమెరికాలోని న్యూజెర్సీ. క్యామ్‌డెన్ విమానాశ్రయం.

ప్రొపెల్లర్ మీద వేలు పెట్టి ఒక్క విసురు. ఇంజన్ దగ్గింది. ఇంకో విసురు. ఆయిల్ కలిపిన పెట్రోలు కాలిన వాసన గుప్పుమంది. అందుకుంది! చెవులు చిల్లులు పడే రొద. మ్యాక్స్‌వెల్ బాసెట్ అనే ఫిలడెల్ఫియా కుర్రాడి మోడల్ విమానం 'మిస్ ఫిలడెల్ఫియా' ముందుకి ఉరికింది. మనిషి నిలువుకన్నా పొడవైన రెక్కలు. లోపల పైలట్ లేడు. కింద రేడియో లేదు. చక్రాలు నేల వదిలాయి. ఇక దాన్ని ఆపగలిగే చెయ్యి ఈ భూమ్మీద లేదు.

నేల మీద ఉన్నంతసేపూ ఆపడం చిటికెలో పని. దాని కడుపులో ఉన్నదల్లా చిన్న బ్యాటరీ, ఒక కాయిల్, పాయింట్లు, కండెన్సర్, నాలుగు వైర్లు. బ్యాటరీ కరెంటు కాయిల్‌లోని లావు తీగ చుట్టలో పారుతూ ఉండగా, తిరిగే షాఫ్టు ప్రతి చుట్టుకీ పాయింట్లని విడగొడుతుంటే, విడిపోయిన ఆ క్షణానే చుట్టలో పోగైన అయస్కాంత శక్తి కుప్పకూలి, పక్కనున్న సన్న తీగ చుట్టలో వేల వోల్టులై లేచి, ప్లగ్గు కొసన నిప్పురవ్వై దూకుతుంది. సెకనుకి పదుల సార్లు. బ్యాటరీ వైరు ఒక్కచోట తెగితే చాలు, రవ్వ పుట్టదు. ఇంజన్ చస్తుంది. ఆ తెంపే పనే స్విచ్చుది. కానీ స్విచ్చు ఇప్పుడు ఆకాశంలో ఉంది. వేళ్లు కింద ఉన్నాయి.

కాసేపటికి మోడల్ చిన్న చుక్కయింది. మనుషులెక్కిన పెద్ద విమానం ఒకటి దాని వెంట పడింది. మోడల్‌కి దారీ తెన్నూ లేదు. గాలి ఎటు తోస్తే అటే. దాని ట్యాంకులో ఎంత పెట్రోలు మిగిలుందో పైనుంచి కనిపించదు. ఇంజన్ ఎక్కడ ఆగుతుంది? నది మీదా? ఊరి మీదా?

రబ్బరు మోడళ్ల రోజుల్లో ఈ బెంగ లేదు. మెలితిప్పిన రబ్బరు విప్పుకున్నంతసేపే ప్రొపెల్లర్ తిరిగేది. ఆగడం దానికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఆ లోకంలోకి ఫిలడెల్ఫియా నుంచే బిల్ బ్రౌన్ అనే మరో కుర్రాడు నిప్పు తెచ్చాడు. సుమారు పది సీసీల ఇంజన్. అరచేతిలో పట్టేంత. బలం అయిదో వంతు హార్స్‌పవర్. దాన్నే బాసెట్ తన మోడల్‌కి బిగించాడు. 1933లో జాతీయ పోటీలకి న్యూయార్క్ దగ్గర రూజ్‌వెల్ట్ ఫీల్డ్‌కి పట్టుకెళ్లాడు. ఆరేళ్ల కిందట లిండ్‌బర్గ్ పారిస్‌కి ఎగిరింది ఆ మైదానం నుంచే. రబ్బరు మోడళ్లూ పెట్రోలు మోడలూ ఒకే బరిలో దిగాయి. మల్విహిల్ ట్రోఫీ, స్టౌట్ ట్రోఫీ, టెక్సాకో ట్రోఫీ. మూడూ బాసెట్‌కే! రబ్బరు వాళ్ల నోట మాట లేదు. ఇక పెట్రోలు మోడళ్లకి వేరే పోటీ పెట్టాల్సిందేనని నిర్వాహకులు తేల్చేశారు. బరి వేరు చేశారు సరే. ఆ ఇంజన్‌కి ఆగడం ఎవరు నేర్పాలి?

మళ్లీ 1934 మేకి వద్దాం. మిస్ ఫిలడెల్ఫియా వెనక క్యామ్‌డెన్ మాయమైంది. అరగంట. గంట. రొద ఆగలేదు. గంటన్నర. రెండు గంటలు. రాష్ట్రం కూడా మారిపోయింది. కింద డెలావేర్ పల్లెలు. మోడల్ ఎప్పుడు దిగితే అప్పుడే వెనకాల విమానానికి విడుదల. ఎట్టకేలకు ట్యాంకు ఎండింది. ప్రొపెల్లర్ నిలిచిపోయింది. మిడిల్‌టౌన్ దగ్గర నేల తాకింది. గడియారం చూస్తే రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు. రికార్డు! చప్పట్లు కొట్టినవాళ్లకే గుండెలో ఒక మూల గుబులు. రేపు ఇలాంటివి పది ఎగిరితే?

మొదట పెట్రోలుకి రేషను పెట్టారు. మోడల్ బరువుని బట్టి ఇంత కొలత. అదీ పారలేదు. నీడిల్ వాల్వు కాస్త బిగించి, గాలి పాలు పెంచి, అదే కొలతని ఇంకాసేపు నడిపించే మొనగాళ్లు తయారయ్యారు. పెట్రోలుని కొలిస్తే లాభం లేదు. కాలాన్నే కొలవాలి. దానికి ఆకాశంలో ఒక వేలు కావాలి. ఎక్కడుంది ఆ వేలు?

కెమెరా షాపులో ఉంది. ఫొటో తీసేవాడు తానూ ఫొటోలో పడాలంటే బటన్‌ని ఆలస్యంగా నొక్కిపెట్టే కీ యంత్రం. పేరు ఆటోక్నిప్స్. దాన్ని తెచ్చి బ్యాటరీ వైరు మధ్యలో కూర్చోబెట్టారు. రాత్రి, బల్లమీద దీపం, సోల్డరింగ్ పొగ ఘాటు. ఇక్కడ చెయ్యి తడబడకూడదు. స్విచ్చు బ్యాటరీ వైపు తక్కువ వోల్టుల వైరులోనే పడాలి. ప్లగ్గుకెళ్లే వైరు జోలికెళితే వేల వోల్టులు వేలి మీదకే దూకుతాయి. ఇంకో తిరకాసుంది. బ్యాటరీ ఇంజన్‌ని చంపాలంటే వైరు తెంపాలి. అదే మ్యాగ్నెటో ఇంజన్‌ కరెంటు తనే పుట్టించుకుంటుంది. దాన్ని చంపాలంటే మ్యాగ్నెటో వైరుని ఇంజన్ ఒంటికి కలపాలి. ఇంజన్ అదురుడుకి సోల్డర్ ఊడిందనుకోండి. బ్యాటరీ ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది. మరి మ్యాగ్నెటో ఇంజన్?

దాని స్విచ్చు వైరు ఊడితే ఎంత నొక్కినా ఆగదు. అందుకే ఎగరేసే ముందు నేల మీద ఇంజన్ నడిపి, ఒకసారి స్విచ్చు నొక్కి చంపి చూడాల్సిందే. చచ్చిందా, సరే. లేదా, ఆ రోజుకి విమానం లేవదు.

తెల్లవారింది. కీ తిప్పారు. టిక్ టిక్ టిక్. ఇంజన్ రొదలో ఆ చప్పుడు ఎవరికీ వినపడదు. మోడల్ నిట్టనిలువుగా ఎక్కుతోంది. సెకన్లు గడుస్తున్నాయి. పాయింట్లు తెరుచుకుంటూనే ఉన్నాయి, రవ్వ దూకుతూనే ఉంది, ట్యాంకులో పెట్రోలు ఇంకా ఉంది, అంతలో టైమరు లోపల చిన్న రేకు పక్కకి జరిగింది. టప్! రొద తెగింది.

మైదానంలో గడియారం పట్టుకున్నవాళ్లు మాత్రం కదల్లేదు. ఇంజన్ బలమెంతో చూశారు. రెక్కల పనితనం ఇంకా చూడాలి. అందరికీ ఇంజన్ నడిచేది ఆ కాసిని సెకన్లే అయినప్పుడు, ఎవరి మోడల్ ఎంతసేపు తేలుతుందన్నదే లెక్క. పందెం ఇప్పుడు మొదలైంది.