బండి పొట్ట కింది ప్లాస్టిక్ పలక

అమెరికాలోని యూటా రాష్ట్రంలో మోయాబ్ అనే ఊరి చుట్టూ ఇసుకరాతి గుట్టలు. వాటి మీద బండి నడిపేవాళ్లకు టైరు జారుతుందన్న బెంగ తక్కువ. ఆ రాయి గరుకు, రబ్బరును గట్టిగా పట్టుకుంటుంది. వాళ్ల బెంగంతా బండి పొట్ట గురించే. ముందు చక్రాలు రాతిమెట్టు ఎక్కి అవతలికి దిగేసరికి, చక్రాల మధ్యనున్న అడుగుభాగం మెట్టు అంచు మీద కూర్చుంటుంది. టైరుకు పట్టు ఇచ్చిన గరుకే ఇప్పుడు బండి అడుగునూ పట్టేస్తుంది. చక్రాలు ఉత్తినే తిరుగుతుంటాయి, బండి కదలదు. సైడ్-బై-సైడ్ బండికి కింద ఏ స్కిడ్ ప్లేట్, అంటే అడుగును కాపాడే పలక, వేయించాలన్న ప్రశ్న అక్కడ నడిపేవాళ్లకు తప్పనిసరిగా ఎదురవుతుంది.

ఇద్దరు పక్కపక్కన కూర్చునే సీట్లు, స్టీరింగు, తల మీద గొట్టాల పంజరం ఉన్న చిన్న బండి ఇది. 1988లో కవాసాకి తెచ్చిన మ్యూల్ పొలాల్లో గడ్డీ పనిముట్లూ మోయడానికి పనికొచ్చింది. 2004 మోడల్‌గా యమహా రైనో వచ్చాక దాన్ని సరదాకు అడవుల్లోకి తీసుకెళ్లడం మొదలైంది. 2007లో పోలారిస్ 50 అంగుళాల వెడల్పుతో ఆర్‌జెడ్‌ఆర్ తెచ్చేసరికి, అంతవరకు నాలుగు చక్రాల బైకులకే పట్టే ఇరుకు బాటల్లోకి ఇద్దరు మనుషుల బండి దూరింది. ఆ తర్వాత ఏటేటా ఇంజన్ శక్తి పెరిగింది, సస్పెన్షన్ పొడుగైంది. వేగం పెరిగిన కొద్దీ రాయి తగిలే దెబ్బా పెరిగింది. అడుగున ఉండేదేమో గొట్టాల ఫ్రేము. ఆ గొట్టాల సందుల్లోంచి ఇంజన్, గేర్‌బాక్సు, షాఫ్టు కిందికి కనిపిస్తుంటాయి. వాటికి అడ్డంగా చాలా బండ్లకు ఫ్యాక్టరీలో వేసి పంపేది పల్చటి ప్లాస్టిక్ రేకు. బురదను, పుల్లలను ఆపడానికి అది చాలు. బండి బరువంతా ఒక్క రాతిమొన మీద పడితే మాత్రం ఆగదు.

అడుగున పలక బిగించడం అప్పటికే పాత విద్య. రెండో ప్రపంచ యుద్ధంలో నడిచిన విల్లీస్ జీపుకే గేర్‌బాక్సు కింద ఉక్కు పలక ఉండేది. యుద్ధం ముగిశాక జీపులు జనం చేతికొచ్చాయి. 1953లో కాలిఫోర్నియా వాళ్లు సియెరా నెవాడా కొండల్లోని రూబికాన్ బాటలో జీపర్స్ జంబోరీ అనే జాతర మొదలుపెట్టారు. ఆ గ్రానైటు బండల మీద మందపాటి ఉక్కు పలక జీపును కాపాడింది. కానీ టన్ను దాటిన జీపు మోయగలిగే ఉక్కును, అందులో సగం కొంచెం మించిన సైడ్-బై-సైడ్ మోయలేదు. అందుకే అల్యూమినియం వచ్చింది. 5052 అనే మిశ్రమలోహం, 3/16 అంగుళం మందం. మడిస్తే పగలదు, వెల్డింగు పడుతుంది, తుప్పుకు తట్టుకుంటుంది. చాలా ఏళ్లు అదే రాజ్యమేలింది. దానిలో రెండు చిక్కులున్నాయి. ఒకటి, కింద గులకరాళ్లు తగులుతుంటే లోపల కూర్చున్నవాళ్లకు రేకుల షెడ్డు మీద వడగళ్ల వాన పడుతున్నట్టే ఉంటుంది. రెండోది అసలైన చిక్కు: అల్యూమినియం మెత్తటి లోహం. రాతిమొన అందులోకి దిగి గాడి చేస్తుంది. ఆ గాడిలోనే మొన చిక్కుకుంటుంది. పలక ఇంజన్‌ను కాపాడుతూనే బండిని రాయికి తగిలించేస్తుంది.

ఈ చిక్కు విడిపోయిన తీరు తెలియాలంటే బండ్లను వదిలి జర్మనీ వెళ్లాలి. 1953లో రూర్ నది ఒడ్డున మ్యూల్‌హైమ్‌లో, బొగ్గు పరిశోధన కోసం పెట్టిన మాక్స్ ప్లాంక్ సంస్థలో, కార్ల్ జీగ్లర్ బృందం ఎథిలిన్ వాయువుతో ప్రయోగాలు చేస్తోంది. ఎథిలిన్ అణువులను గొలుసుగా కలపడం అప్పటికే తెలుసు. ఇంగ్లండులో ఐసీఐ రసాయనవేత్తలు 1933లోనే పాలిథిలిన్ చేశారు. దానికి వెయ్యి అట్మాస్ఫియర్లకు పైగా ఒత్తిడి కావాల్సి వచ్చింది. జీగ్లర్ దగ్గర చదువుతున్న హోల్ట్స్‌కాంప్‌కు ఒకసారి గొలుసు పెరగకుండా రెండే అణువులు కలిసి ఆగిపోయాయి. పాత్రలో మిగిలిన నికెల్ ఆనవాళ్లే కారణమని తేలింది. ఒక లోహం గొలుసును ఆపుతోందంటే మిగతా లోహాలు ఏం చేస్తాయో చూద్దామని ఒక్కొక్కటీ వేసి చూశారు. బ్రైల్ అనే మరో విద్యార్థి జిర్కోనియం వేస్తే గట్టి తెల్లటి పాలిథిలిన్ ముద్ద కట్టింది. టైటానియంతో అయితే ఒత్తిడే అక్కర్లేదు, గాజు పాత్రలో మామూలు గాలి ఒత్తిడి దగ్గరే పని జరిగిపోయింది. జీగ్లర్‌కు 1963లో నోబెల్ వచ్చింది. తప్పిన ప్రయోగాన్ని పారేయకుండా దాని వెంటపడి పోవడం నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

ఆ దారిలో గొలుసులు ఎంతో పొడవు పెరిగాయి. ఒక్కో అణువు బరువు ముప్పై, అరవై లక్షల దాకా పోయిన రకాన్ని అల్ట్రా హై మాలిక్యులర్ వెయిట్ పాలిథిలిన్ అన్నారు, పొట్టిగా యూహెచ్‌ఎండబ్ల్యూ. ఒబర్‌హౌజన్‌లోని రూర్‌కెమీ కంపెనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది. వేడి చేసినా ఇది పాకంలా పారదు. అందుకని అచ్చుల్లో పోయలేరు, పొడిని వేడి మీద నొక్కి దిమ్మెలుగా, పలకలుగా చేస్తారు. చేత్తో రాస్తే మైనం రాసిన బల్లలా జారుతుంది. ఏది రాసుకున్నా అరుగుదల చాలా తక్కువ.

ఇంగ్లండులోని లాంకషైర్ బట్టల మిల్లుల మగ్గాలకు దీనితో చేసిన భాగాలు వాడేవారు. 1962లో వాటిని అమ్మే మనిషి ఒకాయన రైటింగ్టన్ ఆసుపత్రికి వచ్చి హారీ క్రేవెన్‌కు ఒక ముక్క చూపించాడు. క్రేవెన్ అక్కడి ప్రయోగశాల టెక్నీషియన్. అతని పెద్ద డాక్టరు జాన్ చార్న్‌లీ అప్పటికే వందల మందికి టెఫ్లాన్‌తో తుంటికీళ్ల గిన్నెలు వేసి, అవి అరిగిపోవడంతో ఎంతో కుమిలిపోతున్నాడు. కొత్త ప్లాస్టిక్‌ను ఆయన లెక్కచేయలేదు. ఆయన ఊళ్లో లేనప్పుడు క్రేవెన్ దాన్ని అరుగుదల యంత్రంలో పెట్టి రాత్రింబవళ్లు తిప్పాడు. టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా ఇది మూడు వారాల్లో అరగలేదు. ఆ నవంబరులోనే చార్న్‌లీ దాన్ని రోగులకు వేయడం మొదలుపెట్టాడు. ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో మోకాళ్లు మార్పించుకుని నడుస్తున్న మన పెద్దవాళ్ల కీళ్లలో, రెండు లోహపు ముక్కల మధ్య ఉండే దిండు ఈ పదార్థమే.

మంచు మీదా ఇది పనిచేసింది. స్నోమొబైల్ బెల్టు లోపలివైపు రాసుకునే పట్టీలకు ఈ ప్లాస్టిక్ వాడతారు. అక్కడి వాడుకలో దాన్ని హైఫాక్స్ అంటారు. పోలారిస్, ఆర్కిటిక్ క్యాట్ రెండూ మిన్నెసోటా మంచులో స్నోమొబైళ్లతో పెరిగిన కంపెనీలు. గడ్డకట్టే చలిలో కూడా పెళుసెక్కని గుణం అక్కడివాళ్లకు బాగా తెలుసు. బండ్ల అడుగుకు ఈ పలకలు చేసే వర్క్‌షాపులు వచ్చేనాటికి మగ్గాలు, ఎముకలు, మంచు దీన్ని బాగా పరీక్షించి ఉన్నాయి.

ఇప్పుడు బరువు లెక్క చూడండి. అర అంగుళం మందం యూహెచ్‌ఎండబ్ల్యూ చదరపు మీటరుకు దాదాపు 12 కిలోలు. 3/16 అంగుళం అల్యూమినియం దాదాపు 13. అంతే మందం ఉక్కు 37. అంటే ప్లాస్టిక్ రెండున్నర రెట్లకు పైగా మందంగా ఉండి కూడా అల్యూమినియం కన్నా బరువు కాదు. రాయి తగిలితే వంగి, రాయిని దాటి జారి, మళ్లీ తన ఆకారానికి వస్తుంది. గీతలు పడతాయి, గాళ్లు పడటం అరుదు. చప్పుడూ తక్కువ.

దీనికీ లోపాలున్నాయి. 130 డిగ్రీల చుట్టూ కరుగుతుంది, 80 దాటగానే బలం తగ్గుతుంది. అందుకే ఎగ్జాస్టు గొట్టానికి దగ్గరగా వచ్చే చోట ఖాళీ వదలాలి, లేదా వేడిని అడ్డుకునే రేకు వేయాలి. ఇంకో లోపం పెద్దది: వేడికి విపరీతంగా సాగుతుంది. రెండు మీటర్ల పలక సున్నా డిగ్రీల తెల్లవారుజాము నుంచి 40 డిగ్రీల మధ్యాహ్నానికి ఒక సెంటీమీటరుకు పైగా పొడుగవుతుంది. దాన్ని పట్టుకున్న ఉక్కు ఫ్రేము పెరిగేది మిల్లీమీటరు మాత్రమే. గుండ్రటి బెజ్జాల్లో బోల్టులు బిగించేస్తే పలక అలలు అలలుగా ఉబ్బుతుంది. అనుభవంతో నేర్చుకున్న వర్క్‌షాపులు పొడవాటి బెజ్జాలు కోస్తాయి, బోల్టు పలకను నలపకుండా మధ్యలో చిన్న గొట్టపు ముక్క పెడతాయి, బోల్టు తలను పలక మందంలోకి దించేస్తాయి. తల బయటికి పొడుచుకొస్తే మొదటి రాయే దాన్ని చెక్కేస్తుంది. కొనేటప్పుడు పలక మందం కన్నా ముందు ఈ బెజ్జాలే చూడమంటాను.

ఇసుక దిబ్బల్లోనే తిరిగేవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు, ఫ్యాక్టరీ రేకు చాలు. ఎడారి రేసుల్లో పరిగెత్తేవాళ్లకు అల్యూమినియం సరిపోతుంది. చెట్ల వేళ్లు, కంకర బాటలకు 3/8 అంగుళం ప్లాస్టిక్, మోయాబ్ లాంటి రాళ్లకు అర అంగుళం. రాళ్ల మీదికి పోయేవాళ్లు పొట్టతోపాటు వెనక చక్రాలను పట్టి ఉంచే ట్రెయిలింగ్ ఆర్ములకూ పలకలు వేయించాలి. అవి పొట్టకన్నా కిందికి వేలాడతాయి.

పలక మొత్తం ఒకే ముక్కగా ఉంటే మేలు. రెండు ముక్కలైతే ముందు ముక్క అంచు వెనక ముక్కకు కిందివైపున రావాలి, లేకపోతే ముందుకు పోతున్నప్పుడు రాయి అతుకులో దూరుతుంది. ఆయిలు దింపే బెజ్జం ఉందో లేదో చూసుకోవాలి. పూర్తిగా మూసిన పొట్టలో బురద, ఎండుగడ్డి పేరుకుంటాయి. ఎగ్జాస్టు దగ్గర ఎండుగడ్డి చేరితే నిప్పు అంటుకుంటుంది కాబట్టి నీళ్లు కొట్టి కడగడానికి సందులుండాలి. సీజనుకోసారి పలక విప్పి తిరగేస్తే గీతలు ఎక్కడ దట్టంగా ఉన్నాయో కనిపిస్తుంది. రెండో పొర వేయించాల్సింది అక్కడే.