ఫైన్ కట్టి, సముద్రం దాటి: సారా బెర్నార్డ్ కథ

ఎపిసోడ్ వినడానికి టైం దొరకనివాళ్ల కోసం ఈ వారం కథ ఇక్కడ రాస్తున్నాం. డ్యూటీ దిగాక తీరిగ్గా చదవండి.

సారా బెర్నార్డ్ 1844లో పారిస్‌లో పుట్టింది. తండ్రి అండ లేదు. తల్లి దగ్గర పెరిగిందీ తక్కువే. 1862లో ఫ్రాన్స్‌లో అన్నిటికన్నా పేరున్న నాటక సంస్థ కొమెడీ ఫ్రాంసేజ్‌లో చేరింది. కొన్నాళ్లకే, తన చెల్లెల్ని తోసేసిందని ఒక సీనియర్ నటిని చెంప మీద కొట్టి బయటికి రావాల్సి వచ్చింది. తర్వాత ఒడియోన్ థియేటర్‌లో పేరు తెచ్చుకుంటే, 1872లో ఆ పాత సంస్థే మళ్లీ పిలిచింది.

1880లో ఆమె అక్కడ రాజీనామా చేసింది. కాంట్రాక్ట్ మధ్యలో వదిలేసినందుకు కోర్టు 1,00,000 ఫ్రాంకులు కట్టమంది. కాంట్రాక్ట్ బ్రేక్ అంటే ఏంటో మనలో చాలామందికి చెప్పక్కర్లేదు కదా! అదే ఏడాది ఆమె అమెరికా ఓడ ఎక్కింది. 51 ఊళ్లు, 157 ప్రదర్శనలు. నాటకాలన్నీ ఫ్రెంచిలోనే. చూసేవాళ్లలో ఎక్కువమందికి ఆ భాష రాదు. అయినా ఆ గొంతు కోసం, ఆ నటన కోసం హాళ్లు నిండాయి.

అలా మొత్తం తొమ్మిదిసార్లు అమెరికా తిరిగింది. ఒక టూర్‌లో థియేటర్ల యజమానుల కూటమితో పేచీ వచ్చి హాళ్లు దొరక్కపోతే, టెక్సస్‌లో పెద్ద గుడారం వేయించి అందులోనే ఆడింది.

మరి అంత సంపాదించి ఏం మిగిల్చింది? పెద్దగా ఏమీ లేదు. సొంతంగా నడిపిన థియేటర్లు డబ్బు మింగాయి. కొడుకు మోరిస్ జూదం అప్పులు కూడా ఆమే తీర్చింది. చేతిలో డబ్బు అయిపోతే మళ్లీ టూర్. ఇంటి ఖర్చు ఒకవైపు, పరదేశం సంపాదన ఒకవైపు. ఈ లెక్క మనకు కొత్త కాదు.

కొత్తగా వచ్చిన సినిమానూ ఆమె వదల్లేదు. 1900లో హామ్లెట్‌గా మగవేషం వేసి కత్తియుద్ధం సీన్ చేసింది. 1912లో ఎలిజబెత్ రాణిగా నటించింది. ఆ సినిమాను అమెరికాలో ఆడించిన అడాల్ఫ్ జూకరే తర్వాత పారామౌంట్ కంపెనీని నిలబెట్టాడు. కానీ అవి మూకీ రోజులు. భాష రానివాళ్లను కూడా కట్టిపడేసిన ఆ గొంతు తెర మీద వినపడలేదు.

రియోలో ‘టోస్కా’ ఆడుతూ గోడ మీద నుంచి దూకే సీన్‌లో మోకాలికి దెబ్బ తగిలింది. ఆ నొప్పి ఏళ్ల తరబడి ముదిరి, 1915లో కుడికాలు తీసేశారు. కట్టుకాలు వద్దంది. కుర్చీలో మోయించుకుని వెళ్లి యుద్ధంలో ఉన్న సైనికుల ముందు ఆడింది. 1916లో, 70 దాటిన వయసులో, ఆఖరిసారి అమెరికా వెళ్లింది.

1923 మార్చి 26న పారిస్‌లో కన్నుమూసింది. అప్పటికి తన ఇంట్లోనే ఒక సినిమా షూటింగ్ సగంలో ఉంది.

ఆమె ధైర్యానికి దండం పెట్టాల్సిందే. కానీ, ఇంక చాలు, ఇంటి దగ్గర కూర్చో అని చెప్పేవాళ్లు ఆమెకు ఉన్నారా? మీకు ఉన్నారా? కింద రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుదాం.