మా కాళ్ల కింది బేతంచెర్ల

మా గోస్పాడు చుట్టూ నల్లరేగడే. కుందూ పక్కన, కేసీ కాలువ నీళ్లకు వరి బాగా పండుతుంది గానీ ఇంటికి పరుచుకునే రాయి మా పొలాల్లో దొరకదు. పాత మిద్దెల్లో కాళ్లకు చల్లగా తగిలే బండలైనా, కొత్త ఇళ్లలో మెరిసే పాలిష్ బండలైనా ఎక్కువ పాలు పడమటి నుంచి, బేతంచెర్ల, బనగానపల్లె వైపు గనుల నుంచి వచ్చినవే. అయినా మా ఊరివాళ్లకు బేతంచెర్ల అంటే బండల లారీ, మద్దిలేటి నరసింహస్వామి. స్వామి దర్శనం చేసుకుని అటునుంచి అటే ఇంటికొచ్చేస్తాం.

మా ఆయన పాలిష్ ఫ్యాక్టరీల లెక్కలు చూసే పని మీద అక్కడికి వెళ్తుంటారు. ఈసారి కొన్నాళ్లు ఉండాల్సి వచ్చి నన్నూ తోడు రమ్మన్నారు. ఆయన బిల్లులు ముందేసుకుని కూర్చుంటే నేను ఊరి మీద పడ్డాను.

నంద్యాలలో గుంతకల్లు వైపు రైలెక్కితే పాణ్యం దాటాక నల్లనేల పోయి ఎర్రమల కొండలు దగ్గరకొస్తాయి. బేతంచెర్లలో దిగితే ఎటు చూసినా నిలబెట్టిన బండల వరుసలు, తెల్లటి దుమ్ము. ఫ్యాక్టరీల్లో కోత యంత్రం కింద నీళ్లు పారుతూ ఉంటాయి. ఆ నీళ్లు బయటి కాలువలోకి పాలలా వస్తాయి. తడిసినప్పుడే రాయి అసలు రంగు తెలుస్తుంది. ఒకటి లేత ఆకుపచ్చ, ఒకటి పసుపు, ఒకటి నలుపు.

గని అంటే సొరంగం అనుకుంటాం. ఇక్కడ గని మెట్లుమెట్లుగా దిగిన పెద్ద గుంత. కోట్ల ఏళ్ల కిందట ఈ చోట నిలిచిన సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదే గట్టిపడి నాపరాయి అయింది. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని నర్జి సున్నపురాయి అంటారు. ఓళిగల దొంతరలా పొర మీద పొర. ఒక పెద్దాయన అంచున ఉలి పెట్టి సుత్తెతో చిన్నగా తట్టుకుంటూ పోయాడు. చప్పుడు మారిన చోట ఆగి, ఆ సందులో గడ్డపార దూర్చి పైకెత్తితే మంచమంత బండ నేల నుంచి విడివడింది. "తొందరపడితే రాయి మాట వినదమ్మా. పొర దొరికేదాంక తట్టాల" అన్నాడు. దుమ్ముకు ఆయనకున్న అడ్డమల్లా మొహానికి చుట్టుకున్న తువ్వాలే. బండ కొనేటప్పుడు మనం అడుగు ఎంతని అడుగుతాం. ఈ మనుషుల ఊపిరితిత్తుల సంగతి కూడా అడగాలి.

ఇదే సున్నపురాయిని నీళ్లు తొలిస్తే గుహలయ్యాయి. కనుమకింద కొట్టాల దగ్గరి బిలస్వర్గం గుహలు చూడకుండా ఈ ప్రాంత చరిత్ర మాట్లాడకూడదని నాకనిపించింది. పైకప్పు కూలిపోయి ఇరుకు లోయలా తెరుచుకున్న చోటు అది. రెండు పక్కలా నిలువు గోడలు, వాటిలో చీకటి నోళ్లు, లోపల గబ్బిలాల కంపు. ఇక్కడ ఎముకలు దొరుకుతున్నాయని కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో రాశాడు. దాదాపు నలభై ఏళ్లు ఆ సంగతి అలాగే ఉండిపోయింది. ఇంగ్లండు నుంచి జీవశాస్త్రవేత్త హక్స్‌లీ గుర్తుచేస్తే, మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ ఆ ఎముకల కోసం తవ్వే పనికి రాబర్ట్ బ్రూస్ ఫుట్‌ను పంపించాడు. 1863లో పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తుపట్టి, మన దేశపు ఆదిమానవుడి చరిత్రకు దారి తీసింది ఆయనే. 1884లో ఫుట్ మొదలుపెట్టిన తవ్వకాన్ని ఆయన కొడుకు హెన్రీ కొనసాగించాడు. దొరికిన ఎముకలను పురాజీవ శాస్త్రవేత్త లిడెక్కర్ పరిశీలించి 1886లో ప్రచురించాడు. వాటిలో ఖడ్గమృగం ఉంది! దానికి ఆయన పెట్టిన పేరు రైనోసిరస్ కర్నూలియెన్సిస్. మన కర్నూలు పేరు మీద ఒక ఖడ్గమృగం ఉందని మా ఊరి బడిపిల్లలకు ఎవరైనా చెప్పారా? తర్వాత 1970ల్లో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి ఈ చుట్టుపక్కలే ముచ్చట్ల చింతమాను గవి అనే గుహను తవ్వి ఆదిమానవుల ఆనవాళ్లు బయటపెట్టారు.

ఆదివారం మా ఆయనకు సెలవు దొరికితే ఇద్దరం బనగానపల్లె వైపు వెళ్లాం. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా అది నవాబుల సంస్థానం. ఇప్పుడు మామిడితో పేరుమోసింది గానీ, ఒకప్పుడు అక్కడ వజ్రాల కోసం గుంతలు తవ్వి, ఇరుకు దారుల్లో వంగి కూర్చుని రాయి కొట్టేవాళ్లు. ఆ రాతిపొరకు శాస్త్రవేత్తలు ఆ ఊరి పేరే పెట్టారు.

నన్ను కదిలించింది మాత్రం జ్వాలాపురం. జుర్రేరు లోయలో ఆ ఊరి దగ్గర నేలలో బూడిద పొర ఉంది. సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో కొట్టుకొచ్చి పడింది. సామాన్లు తోమే పొడికి పనికొస్తుందని జనం దాన్ని తవ్వి అమ్ముకుంటూ వచ్చారు. ఆ గుంతల గోడల్లోనే పరిశోధకులకు చరిత్ర కనిపించింది. రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా, వాళ్ల తోటివాళ్లు బూడిదకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు ఏరారు. రెండు చోట్లా పనితనం దగ్గరగానే ఉంది. అంత పెద్ద ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికి ఉన్నారని వాళ్ల వాదన. 2007లో 'సైన్స్' పత్రికలో అది అచ్చయి ప్రపంచమంతా చర్చ జరిగింది.

ఈ పడమటి నేలలో పాతకాలాన్ని బయటపెట్టిందీ గడ్డపారే, చెరిపేసేదీ గడ్డపారే. కూలి మీద బతికేవాళ్లను తవ్వొద్దని నేననను. జ్వాలాపురంలో బూడిద గోడ ఒక్కటి, పైనా కిందా మట్టి పొరలతో సహా, ఎవరూ ముట్టకుండా కంచె వేసి ఉంచమంటున్నాను. బేతంచెర్లలో ఒక గది కట్టి, గుహల ఎముకల నమూనాలు, ఉలి, సుత్తె, బండ రకాలు పెట్టి, గనుల్లో వయసు గడిపిన మనిషినే అక్కడ చెప్పేవాడిగా పెట్టమంటున్నాను. నంద్యాల జిల్లా ఏర్పడింది 2022లోనే. కొత్త జిల్లాకు ఇది మోయలేని ఖర్చేమీ కాదు.