డిజిటల్ నోమాడ్

ల్యాప్‌టాప్ వెంటబెట్టుకుని ఊళ్లు తిరుగుతూ ఉద్యోగం చేసేవాళ్లను డిజిటల్ నోమాడ్లు అంటున్నారు. ‘నోమాడ్’ గ్రీకు నుంచి వచ్చింది. అసలు అర్థం పశువులను మేపుతూ తిరిగేవాడు. గాలికి తిరిగేవాడు కాదు. ఏ కాలంలో మేత ఎక్కడుంటుందో తెలిసి కదిలేవాడు. మన గొల్లకురుమలు మందలు తోలుకుని నీళ్లూ పచ్చికా ఉన్న చోటికి వలసపోవడం సరిగ్గా అదే.

‘డిజిటల్ నోమాడ్’ అనే జంట మాటకు ప్రచారం తెచ్చిన పుస్తకం 1997లో వచ్చింది. రాసినవారు జపాన్ ఇంజినీరు త్సుగియో మకిమోటో, పాత్రికేయుడు డేవిడ్ మ్యానర్స్. పని మాత్రం అంతకు ముందే మొదలైంది. 1983లో అమెరికాలో స్టీవెన్ రాబర్ట్స్ చిన్న కంప్యూటరుతో సైకిలెక్కి, దారిలోని పబ్లిక్ ఫోన్ల ద్వారా రాతలు పంపుతూ బతికాడు. ఆ తెగువ నాకెప్పుడూ అబ్బురమే!

ఇప్పటి నోమాడ్లకు మేత ఇంటర్నెట్ సిగ్నల్. క్రూయిజ్ ఓడలోంచి పనిచేయాలంటే నడిసముద్రంలో అది ఉపగ్రహం నుంచే రావాలి. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తునుండే ఉపగ్రహాలతో మాటకూ జవాబుకూ మధ్య అర సెకను ఎడం ఉండేది. కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తునే తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలు వచ్చాక ఓడలోంచీ వీడియో మీటింగు కుదురుతోంది.

‘నోమాడ్’ అన్న మాటకు తెలుగులో ‘దేశదిమ్మరి’ నప్పదు, అందులో పనీపాటా లేనివాడన్న చిన్నచూపు ఉంది. ‘సంచారి’ నయం.

టూరిస్టు వీసా మీద పనిచేయడానికి అన్ని దేశాలూ ఒప్పుకోవు. ఎస్టోనియా, బార్బడోస్ 2020లో డిజిటల్ నోమాడ్లకే ప్రత్యేక వీసాలు తెచ్చాయి. బయల్దేరే ముందు ఆ నిబంధనలు చదువుకోండి.