కొడైకానలు సరస్సు: మత్స్యములలో పాదరసము

మధుర నాయకరాజుల కాలము నుండి మధుర, దిండుగల్లు, పెరియకుళము ప్రాంతములలో తెలుగువారు కాపురములుండి వచ్చుచున్నారు. పళని కొండల నీరు వారికి పరాయిది కాదు. కావున ఆ కొండలపై నున్న కొడైకానలు సరస్సునకు పట్టిన దోషమును గూర్చి మనవారు తెలిసికొనుట యుక్తము.

ఈ సరస్సు స్వయముగా నేర్పడినది కాదు. మధుర కలెక్టరుగా నుండిన లెవింజి దొర 1863లో కట్ట వేయించి దీనిని నిర్మింపజేసెను. నూట ఇరువది యేండ్ల పిమ్మట, 1983లో, అమెరికాలోని వాటర్‌టౌను నుండి తెచ్చిన యంత్రములతో పాండ్స్ సంస్థవారు ఆ పట్టణమున థర్మామీటర్ల కర్మాగారమును నెలకొల్పిరి. తరువాత నది హిందుస్థాన్ లీవరువారి యధీనమయ్యెను. పాదరసమంటిన పగిలిన గాజు పాతసామానుల కొట్టున పడియుండుట 2001 మార్చిలో బయటపడగా, ప్రజాందోళనచే కర్మాగారము మూతపడెను.

కొట్టున పడియున్న గాజు కంటికి కనబడినది. సరస్సులోని చేపకు పాదరసమెట్లు చేరెను? గాలి ద్వారా చేరెను. పాదరసము మామూలు వేడిమికే ఆవిరియై, క్రమముగా నేలకును నీటికిని దిగును. ప్రాణవాయువు కొరవడిన అడుగు బురదలో సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసముగా మార్చును. ఈ మార్పును స్వీడను శాస్త్రజ్ఞులు యెన్సెన్, యెర్నెలోవ్ 1969లో ప్రకటించిరి. అంతకు పూర్వమే, 1965లో, జపానులోని నీగాటాయందు అగానో నది చేపలు తిన్నవారికి నాడీవ్యాధి కలిగినట్లు వెల్లడియయ్యెను.

మిథైల్ పాదరసమును నాచు పీల్చుకొనును. నాచును చిరుజీవులు, వానిని చిన్నచేపలు, చిన్నచేపలను పెద్దచేపలు తినును. ఒంట చేరిన విషము త్వరగా వెలికి పోదు గనుక మెట్టు మెట్టునకు హెచ్చుచుండును. అది కండలోని మాంసకృత్తులకు అంటియుండుటచే, కడిగినను వండినను పోదు. గర్భస్థ శిశువు మెదడునకు దానివలని హాని మిక్కుటము.

భాభా అణుకేంద్రమునకు చెందిన హైదరాబాదు పరిశోధనశాలవారు ఈ సరస్సును పరీక్షించి 2006లో ఫలితములు ప్రకటించిరి. కర్మాగారము మూతపడి యేండ్లు గడచినను లీటరు నీట 356 మొదలు 465 నానోగ్రాముల పాదరసము కనబడెను. నానోగ్రామనగా గ్రాములో నూరుకోట్లవ వంతు. బురదలోని పాదరసమున నూటికి సుమారు 6 పాళ్లు మిథైల్ రూపమున నుండెను. చేపలలోను పాదరసము తేలెను. దూరముగా నున్న బెరిజాము, కుక్కాలు సరస్సులలో నింత దోషము లేదు.

2003లో సుమారు 290 టన్నుల వ్యర్థమును అమెరికాకు తిప్పి పంపిరి. 2016లో 591 మంది పూర్వ కార్మికులతో పరిహారపు టొడంబడిక కుదిరెను. సరస్సు బురదలో చేరినదానిని మాత్రము అట్లు ఓడ నెక్కించుటకు వీలులేదు. కావున నీటి తేటదనమును చూచి చేపను నమ్మరాదు. ఆ సరస్సు చేపలను తరచుగా పరీక్షింపించి, ఫలితములను తమిళమునను తెలుగునను ప్రజలకు చాటవలెను. గర్భిణులకు, చిన్నబిడ్డల తల్లులకు ఈ సంగతి ముందుగా తెలియజేయుట మన సంఘముల విధి.