వీట్లీ గృహనిర్మాణ చట్టం: గ్లాస్గో మూలాలు

1924లో బ్రిటన్‌లో ఏర్పడిన తొలి లేబర్ ప్రభుత్వం పది నెలలు కూడా నిలవలేదు. అది మిగిల్చిన పనుల్లో ముఖ్యమైనది ఆరోగ్యమంత్రి జాన్ వీట్లీ తెచ్చిన గృహనిర్మాణ చట్టం. దాన్ని పార్టీ సిద్ధాంతానికి ఫలంగా మాత్రమే చూడటం సరికాదు. ఆ చట్టంలోని లెక్క గ్లాస్గో నగరపాలక సంస్థలో పుట్టిందని ఈ వ్యాసం వాదన.

వీట్లీ 1869లో ఐర్లండ్‌లోని వాటర్‌ఫర్డ్ ప్రాంతంలో పుట్టారు. కుటుంబం లానార్క్‌షైర్‌కు వలస వచ్చాక చిన్న వయసులోనే బొగ్గుగనిలో పనికి దిగారు. 1912లో గ్లాస్గో నగరపాలక సంస్థ సభ్యుడయ్యారు. అప్పటికి స్కాట్లండ్ జనాభాలో దాదాపు సగంమంది ఒకటి రెండు గదుల ఇళ్ళలోనే కాపురముండేవారు.

1913లో ఆయన ఒక చిన్న పుస్తకం రాశారు. ఏడాదికి 8 పౌన్ల అద్దెకే కార్మికుడికి ఇల్లు ఇవ్వవచ్చని అందులో చూపారు. ఇంటి అద్దెలో పెద్ద వాటా ఇటుకకూ కూలికీ పోదు, నిర్మాణానికి తెచ్చిన అప్పు మీద వడ్డీకి పోతుంది. నగర ట్రాముల మిగులు ఆదాయాన్ని వడ్డీ లేకుండా వాడితే ఆ భారం తప్పుతుంది. ఆ ప్రణాళిక అమలు కాలేదు. కానీ పేదల ఇంటి సమస్యను దానధర్మాల నుంచి తప్పించి, పెట్టుబడి లెక్కగా ఇంత సూటిగా నిలబెట్టడం నా దృష్టిలో ఆయన అసలు ప్రతిభ. 1915లో గ్లాస్గోలో జరిగిన అద్దె సమ్మెలో మేరీ బార్బర్ వంటి గోవన్ ప్రాంత మహిళల పోరాటం, అద్దెలను కట్టడి చేసే చట్టాన్ని సాధించింది. వీట్లీ ఆ పోరాటానికి అండగా నిలిచారు.

1922లో ఆయన గ్లాస్గోలోని షెటిల్‌స్టన్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడు, తల్లీబిడ్డల సంక్షేమ నిధుల కోతను హత్యతో పోల్చిన చర్చలో తోటి లేబర్ సభ్యుడు జేమ్స్ మాక్స్‌టన్‌తో పాటు సభ నుంచి సస్పెండయ్యారు.

అంతకుముందు కన్సర్వేటివ్ ఆరోగ్యమంత్రి నెవిల్ చెంబర్లేన్ తెచ్చిన 1923 గృహనిర్మాణ చట్టం ఇంటికి ఏడాదికి 6 పౌన్ల చొప్పున 20 ఏళ్ళు సాయమిచ్చేది. వీట్లీ 1924 చట్టంతో ఆ సాయాన్ని 9 పౌన్లకు, 40 ఏళ్ళకు పెంచారు. గ్రామాల్లో 12 పౌన్ల 10 షిల్లింగులు. ఇక్కడ మొత్తం కన్నా గడువే కీలకం: అప్పు తీరేదాకా సాయం అందితేనే అద్దె అదుపులో ఉంటుంది. నిపుణులైన మేస్త్రీలు చాలినంతమంది లేరు కాబట్టి, 15 ఏళ్ళ పనికి భరోసా ఇచ్చి, కొత్తవారిని చేర్చుకునేందుకు కార్మిక సంఘాలను ఒప్పించారు. 1933లో రాయితీ రద్దయ్యేనాటికి ఇంగ్లండ్, వేల్స్‌లలోనే 5 లక్షలకు పైగా ఇళ్ళు లేచాయి.

అయినా ఆ అద్దె కూడా నిరుపేదలకు అందలేదు. ఇళ్ళలో చేరినవారిలో ఎక్కువమంది స్థిరమైన జీతమున్న కార్మికులే. కారణం ఆ లెక్కలోనే ఉంది. 1913 ప్రణాళిక వడ్డీని తప్పించింది. 1924 చట్టం దాన్ని ప్రజాధనంతో చెల్లించింది.