పడావు చెల్క నుంచి ఊరి జొన్నల నిల్వ దాకా: జహీరాబాద్ ప్రాంత ఆహార వ్యవస్థపై ఒక పరిశీలన

ఒక ప్రాంతం తన తిండిని పండించుకోవడం, దాచుకోవడం, పంచుకోవడం, మరుసటి కారుకు విత్తనం ఎత్తిపెట్టుకోవడం అనే నాలుగు పనులూ ఎవరి చేతుల్లో జరుగుతున్నాయన్న దాన్ని బట్టే, ఆ ప్రాంతపు ఆహార వ్యవస్థ కరువును ఎంతవరకు తట్టుకోగలదో తేలుతుంది. తట్టుకోవడమంటే ఇక్కడ దిగుబడి తగ్గకపోవడం కాదు. దిగుబడి తగ్గిన ఏడు కూడా పొయ్యి ఆరకుండా, ఎద్దులు అమ్ముకోకుండా, తిరిగి విత్తగలిగే స్థితిలో కుటుంబం నిలవడం. పూర్వపు మెదక్ జిల్లాలో ఉండి, 2016 పునర్విభజన తరువాత సంగారెడ్డి జిల్లాలోకి వచ్చిన జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళల సంఘాలు నడిపిన ధాన్య పంపిణీ ఈ విషయాన్ని నిశితంగా పరిశీలించడానికి తగిన ఉదాహరణ.

ఆ ప్రాంతంలో పేదలకు భూమి బొత్తిగా లేకపోలేదు. చేతికందిన భూమిలో ఎక్కువ భాగం సారం తక్కువైన ఎర్ర చెల్క కావడం, దాన్ని దున్నడానికి ఎద్దులు, తోలడానికి ఎరువు, తొలి ఏడు కూలి మానుకుని సొంత చేను చేసుకోవడానికి కావలసిన పెట్టుబడి కొరవడడం వల్ల అది పడావుగా, అంటే సాగులేని బీడుగా, మిగిలిపోయింది. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన కిలో 2 రూపాయల బియ్యం పథకం పేదల ఆకలిని తగ్గించిన మాట కాదనలేనిది. అయితే నీటి పారుదల ఉన్నచోట పండిన వడ్ల నుంచి వచ్చే బియ్యమే చౌక దుకాణానికి చేరడంతో, మెట్ట రైతు పండించే జొన్నకు ఆ పంపిణీలో చోటు లేకపోయింది. జొన్న రొట్టె పేదరికపు గుర్తుగా మారడానికీ ఇది కొంత దోహదం చేసింది.

అదే 1983లో పనిచేయడం మొదలుపెట్టిన, పి.వి. సతీష్ వ్యవస్థాపకులలో ఒకరుగా ఉన్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో, 1990ల మధ్యకాలంలో సంఘాలు ప్రత్యామ్నాయ ప్రజా పంపిణీ వ్యవస్థను చేపట్టాయి. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో పడావు భూమి యజమానికి దుక్కి, ఎరువు, విత్తనాల కోసం అప్పు ఇచ్చి, దాన్ని డబ్బుగా కాక కొన్నేళ్లపాటు జొన్నల రూపంలో జమ చేసుకోవడం దీని మూలసూత్రం. అలా జమైన గింజలు ఊళ్లోనే నిల్వ ఉండి, పాత పంట అయిపోయి కొత్త పంట చేతికి రాని వానాకాలపు నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు అందేవి. ఏ ఇల్లు ఎంత పేదదో ఊరివారే కూర్చుని నిర్ణయించడం ఇందులో అన్నిటికన్నా విలువైన అంశం. ఎందుకంటే కాగితం మీది ఆదాయ పరిమితికి కనబడని ఒంటరి స్త్రీ, మంచాన పడిన వృద్ధుడు ఇరుగుపొరుగు కంటికి తప్పక కనబడతారు.

తెలంగాణ పల్లెల్లో ధాన్యపు అప్పు కొత్త కాదు. తీసుకున్న గింజలకు అదనంగా గింజలే కలిపి తీర్చే నాగు పద్ధతి పేదను ఆసామి గడపకు తరతరాలు కట్టిపడేసింది. సంఘాల విత్తన నిధిలోనూ తీసుకున్న దానికి మించి తిరిగి కొలవాలి, కానీ ఆ మిగులు ఆసామి గరిసెకు కాక మరో మహిళ చేనుకు చేరుతుంది. రూపం పాతదే అయినా గింజ ఎటు వెళుతుందన్నది మారడంతో అప్పు స్వభావమే మారిపోయింది.

చేనులోని పొందిక కూడా ఈ నిల్వకు బలమిచ్చింది. జొన్నతో పాటు కంది, పెసర, అనుము వంటివి కలిపి విత్తినప్పుడు పెసర సుమారు రెండు నెలల్లో చేతికి వస్తుంది, కంది లోతైన వేరుతో చలికాలం దాకా నిలుస్తుంది, పప్పుజాతి మొక్కలు వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని గ్రహిస్తాయి, జొన్న చొప్ప పశువులకు మేతవుతుంది. వాన ఒక పంటను దెబ్బతీసినా మరొకటి మిగిలే అవకాశం ఉంటుంది. గింజలను బూడిద, వేపాకుతో కలిపి గంపల్లో భద్రపరిచే పనిలో ఆడవారి నేర్పు అక్కరకు వచ్చింది. ఏటా సంక్రాంతి వేళ మొదలై ఎడ్లబండ్లపై ఊరూరా సాగే పాత పంటల జాతరలో ఆ విత్తనాలే ముందుంటాయి.

ఈ అనుభవాన్ని ఆదర్శంగా చూపేటప్పుడు దాని బరువును దాచకూడదు. జొన్న, సజ్జ గింజలకు విడదీయవలసిన గట్టి పొట్టు ఉండదు గనుక నేరుగా పిండి పట్టవచ్చు. కొర్ర, సామలను మాత్రం దంచి పొట్టు తీయాలి, ఊళ్లో తగిన మర లేకపోతే ఆ శ్రమంతా స్త్రీల మీదే పడుతుంది. చెరకు, పత్తి తెచ్చే రొక్కం ఆకర్షణ కూడా చిన్నది కాదు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాలను కిలో 1 రూపాయికి ఇచ్చే వీలు కల్పించినా, ఆ గింజలను దూరపు గోదాముకు తరలించి మళ్లీ తెచ్చే పద్ధతిలో మెట్ట రైతుకు ధర దక్కవచ్చు గానీ, శ్రావణ మాసంలో ఎవరింటికి ముందు కొలవాలన్న నిర్ణయం సంఘం చేతిలో ఉండదు. కనుక కొనుగోలును, నిల్వను, లబ్ధిదారుల ఎంపికను ఊరి స్థాయిలోనే కలిపి ఉంచే ఏర్పాటు ప్రభుత్వ పంపిణీలో భాగం కావలసి ఉంది.